రెండు పటములు: జనసంఖ్యయు, ఎన్నికలును

మా పాఠశాలలో సాంఘిక శాస్త్రపు గదిగోడకు రెండు పటములు ప్రక్క ప్రక్కనే వ్రేలాడుచున్నవి. ఒకటి తమిళనాడులోని భాషల పటము. రెండవది శాసనసభ ఎన్నికల ఫలితముల పటము. గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆ రెంటిని చాలసేపు పరికించి, "సార్, ఈ పటంలో మన హోసూరు దగ్గర తెలుగు రంగు ఉన్నది కదా. ఆ పటంలో అది ఎక్కడికి పోయింది?" అని అడిగెను.

మేము తొందరలో, "అది భాషల పటము, ఇది పార్టీల పటము, దీనికిని దానికిని పొత్తు లేదు" అని చెప్పి ఆమెను కూర్చుండబెట్టితిమి. గంట కొట్టిన తరువాత ఆ సమాధానము మాకే రుచింపలేదు. పొత్తు లేకపోలేదు, మేము దానిని వివరింపలేకపోతిమి, అంతే. తల్లిదండ్రుల సమావేశములలో పెద్దలును ఇదే ప్రశ్నను మరియొక రూపమున అడుగుచుందురు: "మనవాళ్ళు ఇంతమంది ఉన్నాము గదా, మన మాట ఎందుకు చెల్లదు?" నాడు చెప్పలేకపోయిన సమాధానమును ఇప్పుడు చెప్ప యత్నించెదము. అందులకై మొదట మన ఊరిని విడిచి చాల దూరము పోవలసి యున్నది. జనసంఖ్యకును ఓట్లకును గల సంబంధము మన ప్రాంతమున మిక్కిలి చిక్కుపడి యున్నది. అది స్పష్టముగ కనబడు చోటు నొకదానిని ముందు చూచినచో, మన చిక్కును విప్పుకొనుట సులభమగును.

ఆ చోటు అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున నున్న అలబామా రాష్ట్రము. అక్కడ రాష్ట్రములను కౌంటీలుగ విభజించిరి. మన జిల్లాకు చిన్న రూపమనుకొనవచ్చును. జనాభా లెక్కలను, అధ్యక్ష ఎన్నికల ఓట్ల లెక్కలను గూడ కౌంటీల వారీగనే ప్రకటింతురు. కావున అక్కడ ఒక పటముపై నొకటి పరచి చూచుట తేలిక. ఉదాహరణకు 2008, 2012, 2016 సంవత్సరముల ఎన్నికలలో దేనినైనను తీసికొని, డెమొక్రాటిక్ పార్టీ గెలిచిన కౌంటీలకు నీలిరంగును, రిపబ్లికన్ పార్టీ గెలిచిన కౌంటీలకు ఎఱ్ఱరంగును వేయుడు. అలబామాలో అత్యధిక భాగము ఎఱ్ఱనగును. కాని దాని నడుమ తూర్పునుండి పడమరకు కొడవలివలె వంగిన సన్నని నీలిపట్టీ యొకటి కనబడును. పడమట అది మిసిసిపీ రాష్ట్రములో ప్రవేశించి ఉత్తరమునకు తిరుగును. ఇప్పుడు నల్లజాతివారు సగమునకు మించియున్న కౌంటీల పటమును తీసి దానిపై పరచినచో రెండు పట్టీలును చాలవరకు కలిసిపోవును.

దీనిలో పెద్ద వింత లేదు. అమెరికాలో నల్లజాతివారు అధికసంఖ్యలో డెమొక్రాటిక్ పార్టీకి ఓటు వేయుదురని వార్తాపత్రికలు చదువువారికి తెలిసినదే. వింత మూడవ పటముతో మొదలగును. అది భూగర్భ శాస్త్రజ్ఞులు గీచిన పటము.

సుమారు ఎనిమిది కోట్ల సంవత్సరముల క్రిందట నేటి అలబామాలో దక్షిణ భాగము సముద్రములో మునిగియుండెను. ఆ సముద్రమునందలి కంటికి కానరాని జీవుల చిప్పలు లెక్కలేనన్ని అడుగునకు చేరి, పేరుకొని, సుద్దరాయి అయ్యెను. అక్కడి సెల్మా అను పట్టణమును బట్టి ఆ రాతి పొరకు సెల్మా సుద్ద అని పేరు వచ్చినది. ఈ పట్టణము పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు దానితో మరల పని పడును. సముద్రము వెనుకకు తగ్గిన పిదప ఆ సుద్ద పైపొర చివికి, నల్లని జిగట నేలగా మారెను. బళ్ళారి, కర్నూలు రైతులకు నల్లరేగడి యెట్టిదో మనము చెప్పనక్కరలేదు. పుట్టుక వేరైనను ఈ నేలయు ప్రత్తికి తగినదే. 19వ శతాబ్దపు తొలి భాగమున ప్రత్తికి గిరాకి పెరిగినప్పుడు భూస్వాములు ఈ నల్లనేలను వెదకుకొనుచు వచ్చిరి. పొలము పనికై బానిసలను వేలకొలదిగ తెచ్చిరి. నేల యెచ్చట నల్లగ నుండెనో అచ్చటనే నల్లజాతి ప్రజలును అధికులైరి. బుకర్ టి. వాషింగ్టన్ 1901లో ప్రచురించిన తన ఆత్మకథలో, 'నల్లపట్టీ' అను పేరు మొదట నేల రంగును బట్టి వచ్చినదనియు, తరువాత నల్లజాతివారు అధికముగ నుండు కౌంటీలకు చెల్లినదనియు వివరించెను.

ఈ విధముగ ప్రాచీన సముద్రపు టొడ్డు నేటి ఓట్ల పటములో కనబడుచున్నది. విద్యార్థులకు ఈ మాట చెప్పినప్పుడు వారి ముఖములు వెలిగినవి. కాని వెంటనే మరియొకటి చెప్పవలసివచ్చినది: నేల ఓటు వేయదు. సముద్రము వలన సుద్ద, సుద్ద వలన నేల, నేల వలన ప్రత్తి, ప్రత్తి వలన బానిసత్వము, బానిసత్వము వలన అచ్చటి జనసంఖ్య, తుదకు ఓటు. ఈ గొలుసులో ఏ లంకె తెగినను పటము మారిపోవును. నిజముగనే ఒక లంకె చాలకాలము తెగియుండెను. ఆ కథయే ఈ వ్యాసమునకు ముఖ్యము.

1861లో అమెరికా ప్రభుత్వపు తీర సర్వే శాఖవారు, 1860 జనాభా లెక్కలను ఆధారముగ గొని, దక్షిణ రాష్ట్రములలో ప్రతి కౌంటీలోను నూటికి ఎందరు బానిసలో చూపు పటము నొకదానిని అచ్చువేసిరి. బానిసలు హెచ్చిన కొలది నలుపు హెచ్చును. లెక్కలను ఈ విధముగ ఛాయలతో చూపు పద్ధతి నాటికి క్రొత్తదే. ఫ్రాన్సులో ఛార్లెస్ డ్యూపాన్ అను నతడు 1826లో ఆ దేశపు విద్యావ్యాప్తిని ఇట్లే చూపి యుండెను. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచున్నది. గాయపడిన సైనికుల సహాయార్థము ఆ పటమును విక్రయించిరి. అధ్యక్షుడు లింకన్ దానిని తరచుగ పరిశీలించుచుండెడివాడు. బానిస విమోచన ప్రకటనను లింకన్ మంత్రులకు చదివి వినిపించు దృశ్యమును కార్పెంటర్ అను చిత్రకారుడు 1864లో చిత్రించినాడు. ఆ చిత్రములో కుడిమూలను ఆ పటము నేటికిని కనబడును.

ఆ పటములో నలుపు పలుచగనున్న కొండ ప్రాంతములను గమనింపుడు. తూర్పు టెన్నెసీలో బానిసలు తక్కువ. 1861 జూనులో దేశమునుండి విడిపోవుటను గూర్చి టెన్నెసీ ప్రజలు ఓటు వేసినప్పుడు, ఆ తూర్పు భాగము విడిపోరాదని చెప్పినది. వర్జీనియాలోని పడమటి కొండసీమ వేరుపడి 1863లో ప్రత్యేక రాష్ట్రమే అయినది. బానిసలకు ఓటు లేదు. అయినను వారెంతమంది యుండిరో అను దానిని బట్టి వారి యజమానుల ఓటు మారినది! జనసంఖ్యకును ఎన్నికలకును సంబంధ మనగా, ఎక్కువమంది యున్నవారి ఇష్టమే ఫలించుట అని మనము సాధారణముగ తలంతుము. ఇచ్చట అట్లు కాదు.

1865లో బానిసత్వము రద్దయినది. 1870లో జాతిని బట్టి ఓటు నిరాకరింపరాదని రాజ్యాంగ సవరణ వచ్చినది. కొన్నియేండ్లు నల్లజాతివారు ఓట్లు వేసిరి, శాసనసభలలో కూర్చుండిరి. తరువాత ఒక్కొక్క రాష్ట్రమే తలుపులు మూసినది. అలబామా 1901లో క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొన్నది. ఓటు పన్ను కట్టవలెను, చదువు పరీక్షలో నెగ్గవలెను, లేదా ఆస్తి చూపవలెను. ఈ షరతులలో ఎక్కడను 'నల్ల' అను మాట లేదు. పరీక్ష చేయు అధికారి తెల్లవాడు. ఎవరు నెగ్గిరో నిర్ణయించునది ఆతడే.

ఇప్పుడు 1964 నాటి ఎన్నికల పటమును తీయుదము. ఆ యేట పౌరహక్కుల చట్టమునకు వ్యతిరేకముగ ఓటు వేసిన సెనేటరు గోల్డ్‌వాటర్ అధ్యక్ష పదవికి పోటీ చేసెను. మిసిసిపీ రాష్ట్రములో నూటికి సుమారు 42 మంది నల్లజాతివారు. ఆ రాష్ట్రమున గోల్డ్‌వాటరుకు వచ్చిన ఓట్లు నూటికి 87! జనాభా పటమును, ఎన్నికల పటమును ప్రక్కప్రక్కన బెట్టి, వేరేమియు తెలియని ఒక విద్యార్థి చూచినచో ఏమని వ్రాయును? "నల్లజాతివారు గోల్డ్‌వాటరును మిక్కిలి అభిమానించిరి" అని వ్రాయును. ఆతని లెక్కలో తప్పు లేదు, పటములో తప్పు లేదు, వ్రాసినది మాత్రము పచ్చి అబద్ధము. ఆ సంవత్సరము మిసిసిపీలో ఓటు హక్కు వయసు వచ్చిన నల్లజాతివారిలో ఓటర్ల జాబితాకు ఎక్కినవారు నూటికి ఏడుగురు లేరు.

జనాభా పటము తలలను లెక్కించును. ఎన్నికల పటము జాబితాలోని పేర్లను, అందులోను ఆ దినమున కేంద్రమునకు వచ్చినవారిని మాత్రమే లెక్కించును. ఈ రెంటికి నడుమ ఒక మూడవ పటము, అనగా జాబితాల పటము, దాగియున్నది. దానిని గోడకు ఎవ్వరును వ్రేలాడదీయరు.

అలబామా నల్లపట్టీలో లౌండ్స్ అను కౌంటీ కలదు. 1965 ఆరంభమున అచ్చటి ప్రజలు సుమారు 15,000. ఐదింట నాలుగు వంతులు నల్లజాతివారు. వారిలో ఓటర్ల జాబితాలో పేరున్నవాడు ఒక్కడును లేడు. తెల్లవారి పేర్లు మాత్రము ఓటు వయసు వచ్చిన తెల్లవారి సంఖ్యకంటె అధికముగ నుండెను. చనిపోయినవారును, ఊరు విడిచినవారును జాబితాలో సుఖముగ జీవించుచుండిరి. ఆ యేడు మార్చి 7వ తేదీన ఇరుగు కౌంటీలోని సెల్మా పట్టణమునుండి సుమారు ఆరువందల మంది ఓటు హక్కు కోరుచు నడక సాగించగా, పట్టణపు వంతెన దాటుచోట పోలీసులు వారిని లాఠీలతో కొట్టిరి. సుద్దరాతికి పేరిచ్చిన సెల్మా అదియే. మరల అదే నెలలో మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వమున సాగిన నడక లౌండ్స్ కౌంటీ గుండ రాజధానికి చేరినది. ఆగస్టు 6వ తేదీన ఓటు హక్కుల చట్టముపై అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసెను. చదువు పరీక్షలను ఆ రాష్ట్రములలో నిలిపివేసిరి. కేంద్ర ప్రభుత్వపు అధికారులే వచ్చి పేర్లు వ్రాసికొనసాగిరి. మిసిసిపీలో ఏడుకు లోపున్న సంఖ్య 1967 నాటికి నూటికి సుమారు అరువదికి చేరెను.

పేరు వ్రాయించుకొనుట తేలిక కాలేదని గూడ చెప్పవలెను. లౌండ్స్ కౌంటీలో పేరు నమోదు చేయించుకొన్న కౌలు కుటుంబములను భూస్వాములు పొలములనుండి వెడలగొట్టిరి. వారు 1965 చివర రహదారి ప్రక్కన గుడారములు వేసికొని చలికాలము గడిపిరి. 1966లో అచ్చటి నల్లజాతివారు తమదే యొక పార్టీని స్థాపించుకొనిరి. అక్షరము రానివారికై ఆ రాష్ట్రమున పార్టీలకు గుర్తులుండుట మన విద్యార్థులకు వింతగ తోచదు. మన దేశములో 1951–52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలనుండి ఎద్దులజోడి, కంకి కొడవలి మొదలగునవి చూచినదే. అలబామాలో డెమొక్రాటిక్ పార్టీ గుర్తు తెల్లకోడిపుంజు. లౌండ్స్ ప్రజలు తమ గుర్తుగ నల్లచిఱుతను ఎన్నుకొనిరి. ఆ యేడు వారి అభ్యర్థులందరును ఓడిరి. 1970లో వారి నాయకులలో ఒకడైన జాన్ హ్యూలెట్ ఆ కౌంటీకి షెరీఫుగ, అనగా పోలీసు పెద్దగ, ఎన్నికయ్యెను. నేల మారలేదు. జనసంఖ్య కూడ పెద్దగ మారలేదు. జాబితా మారినది, పటము రంగు మారినది.

ఇక ఈ కొలకఱ్ఱను చేతబట్టుకొని మన పటముల వద్దకు రాదము. అయితే వచ్చుదారిలో రెండు మూడు గుంటలు కలవు. వానిని చూపకున్న విద్యార్థులు పడుదురు.

మొదటిది విస్తీర్ణపు భ్రాంతి. లోక్‌సభ నియోజకవర్గములలో విస్తీర్ణమున పెద్దది లడఖ్. 2024లో అచ్చట ఓటర్లు రెండు లక్షలకు లోపు. ఓటర్ల సంఖ్యలో పెద్దది హైదరాబాదు నానుకొనియున్న మల్కాజ్‌గిరి. ఓటర్లు 37 లక్షలకు పైమాటే. పటములో లడఖ్ అరచేయంత, మల్కాజ్‌గిరి ఆవగింజంత. రెంటికిని ఒక్కొక్క సభ్యుడే. రంగుల పటము కంటికి చూపునది భూమిని; మనము వెదకునది మనుష్యులను.

రెండవది గెలుపు రంగు ఓట్లను దాచివేయుట. దీనికి తెలుగు దేశములోనే మంచి ఉదాహరణ కలదు. 1952లో హోసూరును, గుంటూరును ఒకే మద్రాసు శాసనసభకు సభ్యులను పంపినవి. ఆ ఎన్నికలలో ఆంధ్ర జిల్లాలలోని 140 స్థానములలో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 లభించినవి. కమ్యూనిస్టుల ఓట్లు నూటికి సుమారు 22. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిదప 1955లో జరిగిన ఎన్నికలలో వారి ఓట్లు నూటికి 31కి పెరిగినవి. స్థానములో? 196కు 15. ఓట్లు పెరిగి స్థానములు తరుగుట యెట్లనగా, 1952లో ఎదుటివారి ఓట్లు పలు పార్టీల మధ్య చీలియుండెను. 1955లో కాంగ్రెసు, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఐక్య సంఘటనగ నిలిచి 146 స్థానములు గెలిచినవి. రెండు సంవత్సరముల గెలుపు పటములను మాత్రమే చూచినవాడు, మూడేండ్లలో కమ్యూనిస్టు ఓటర్లు మాయమైరని యనుకొనును. వారు మాయము కాలేదు, పెరిగిరి.

మూడవది అన్నిటికంటె లోతైనది. ఒక ప్రాంతమునకు చెందిన లక్షణమును ఆ ప్రాంతపు ప్రతి మనుష్యునికి అంటగట్టుట. 1950లో రాబిన్సన్ అను సాంఘిక శాస్త్రజ్ఞుడు దీనిని చక్కగ చూపినాడు. 1930 అమెరికా లెక్కల ప్రకారము, విదేశములలో పుట్టినవారు ఎక్కువగ నున్న రాష్ట్రములలో చదువు రానివారు తక్కువ. దానినిబట్టి వలస వచ్చినవారు స్థానికుల కంటె చదువరులని చెప్పవచ్చునా? వ్యక్తులను వేరువేరుగ లెక్కింపగా, వలస వచ్చినవారిలోనే చదువు రానివారు కొంత ఎక్కువ. వారు వచ్చి స్థిరపడిన రాష్ట్రములు అప్పటికే చదువుకొన్నవి, అంతే సంగతి. మిసిసిపీ విషయమున మన ఊహాజనిత విద్యార్థి పడిన గుంట ఇదియే.

ఇప్పుడు హోసూరు. 2011 జనాభా లెక్కలలో తమిళనాడునందు తెలుగు మాతృభాషగ చెప్పినవారు సుమారు 42 లక్షలు. రాష్ట్ర జనాభాలో నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ. యానాం వంటి చిన్న ప్రదేశమున ఈ సంఖ్య యుండిన కథ వేరు. 42 లక్షలు తక్కువ సంఖ్య కాదు. కాని వారు చెన్నపట్టణమునుండి కోయంబత్తూరు వరకు, మధురనుండి మన కృష్ణగిరి జిల్లా వరకు చెదరియున్నారు. అలబామాలో నల్లజాతివారు నూటికి సుమారు 27 మంది, అందులోను చాలమంది ఒక పట్టీలో గుమికూడియున్నారు. కావుననే పట్టీ కనబడినది. మన ఎన్నికల పద్ధతిలో ఒక నియోజకవర్గమున అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుచును. నూటికి ఆరుగురు అంతట సమముగ చెదరియున్నచో, వారందరు ఒకే తీరున ఓటు వేసినను పటముపై ఒక చుక్కయైనను పడదు. ఒకే తీరున వేయుదురని గాని ఎవరు చెప్పిరి? తెలుగు రైతుకు నీటి ధర, తెలుగు కార్మికునకు పరిశ్రమలోని జీతము, తెలుగు వర్తకునకు పన్ను, వీనిలో ఏది ముందో వారి వారికి తెలియును. భాష వారి జీవితములో ఒక భాగము మాత్రమే.

మన ఓటర్ల జాబితాలో మాతృభాష గడి లేదు. కావున "తెలుగువారు ఫలాన పార్టీకి వేసిరి" అని పటము చూపి చెప్పువారిని, ఎట్లు తెలిసినదని నిర్భయముగ అడుగవచ్చును.

గీతల సంగతి యొకటి మిగిలినది. పటములో గీత యెచ్చట గీచితిమో దానిని బట్టి సంఖ్యలు మారును. మద్రాసు, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు తగవులో పటాస్కర్ గారు గ్రామమును కొలతగ తీసికొనిరి. జిల్లాను కొలతగ గొన్న చిత్తూరంతయు ఒకే రంగు. గ్రామమును గొనగా గీత వంకరలు తిరిగినది. ఆ ప్రకారము చేసిన 1959 చట్టము 1960 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, తిరుత్తణి తాలూకాలో చాలభాగము మద్రాసునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రకును చేరినవి. నియోజకవర్గముల గీతలును అట్లే. అలబామాకు అమెరికా ప్రతినిధుల సభలో ఏడు స్థానములు. నాలుగవవంతుకు మించియున్న నల్లజాతివారు అధికసంఖ్యాకులుగ నుండునట్లు ఒక్క స్థానమునకే గీతలు గీచిరని వ్యాజ్యము నడచి, 2023 జూనులో అచ్చటి సుప్రీంకోర్టు దానిని తప్పని చెప్పినది. గీతలు మార్చి 2024లో ఎన్నిక జరుపగా ఇద్దరు నల్లజాతి ప్రతినిధులు గెలిచిరి. ఒక్క ఓటరును ఇల్లు మారలేదు. మన దేశమున 2001 లెక్కలపై ఆధారపడి 2008లో నియోజకవర్గములను తిరిగి గీచిరి; షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానములు ప్రత్యేకించుట కలదు గాని, భాషను బట్టి ప్రత్యేకించుట లేదు. అల్పసంఖ్యాక భాషలవారికి రాజ్యాంగము చూపిన దారి వేరు: 1956 సవరణలో వచ్చిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపుమని రాష్ట్రములకు చెప్పును; 350బి అధికరణము భాషాల్పసంఖ్యాకుల కొఱకు ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. అందులకు ఆధారమగునది ఎన్నికల పటము కాదు, జనాభా లెక్కల భాషా పట్టిక. "మన మాట ఎందుకు చెల్లదు" అని అడుగు పెద్దలు ఈ భేదమును గమనింపవలెను. రెండు పుస్తకములలో మన పేరు వేరువేరుగ వ్రాయబడుచున్నది: ఒకదానిలో ఓటరుగ, రెండవదానిలో తెలుగు పలుకువానిగ.

ఈ సంవత్సరము పదవ తరగతికి వచ్చిన ఆ బాలికయు, మరికొందరును కలిసి మన ప్రాంతమునకు పటము గీయ మొదలిడిరి. హోసూరు, తళి, వేపనపల్లి నియోజకవర్గముల గీతలు తాలూకాల గీతలతో సరిపోవు. భాషా లెక్కలు తాలూకాల వారీగ దొరకును, ఓట్లు పోలింగు కేంద్రముల వారీగ ఫారం 20 అను పత్రములో దొరకును. మొదట ఒక పలుచని కాగితముపై కేంద్రములను చుక్కలుగ పెట్టి, దానిని తాలూకా పటముపై పరచి, ఏ చుక్క ఏ తాలూకాలో పడునో వ్రాసికొనుటకే నెలదినములు పట్టినది. రంగులు వేయుటకు తొందరపడవలదని చెప్పితిమి.

వారు మరియొక పని కూడ చేసిరి. 2011లో లెక్కలవారు వచ్చినప్పుడు మాతృభాష యేమని చెప్పితిరని తమ ఇండ్లలో అడిగిరి. చాల ఇండ్లలో జ్ఞాపకము లేదు. ఒక ఇంట అవ్వ, "వచ్చినాయన అడగనే లేదు నాయనా, ఆయనే ఏదో రాసుకున్నాడు" అనెను. ఇంకొక ఇంట, పిల్లవాని బడి, ఉద్యోగము తలంచుకొని తమిళమని చెప్పినామనిరి. ఇంట మాటలాడునది తెలుగే. లౌండ్స్ కౌంటీలో పేరు వ్రాయించుకొన్నవారికి ఇల్లు పోయినది. మనకు ఆ భయము లేదు. అయినను పేరు సరిగ వ్రాయబడలేదు.

2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగలేదు. 2027 మార్చి 1ని ఆధార దినముగ ప్రభుత్వము 2025లో ప్రకటించినది. విద్యార్థులు గీచిన పటమును సాంఘిక శాస్త్రపు గదిలో శనివారము సాయంకాలములందు తెరచి యుంచుచున్నాము. తల్లిదండ్రులు వచ్చి చూచి, తమ గ్రామమున తప్పులున్నచో పెన్సిలుతో దిద్దవచ్చును.